కాచడం వేరు, కాల్చడం వేరు

సంపాదకులు గారికి, నమస్కారం.

చేతి విల్లుల తయారీ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. కర్ర ఎంచుకోవడం, వింటినారి పేనడం మీద రాసిందంతా సరిగ్గా ఉంది. వంకర తీసే పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే వాక్యాలున్నాయి. బద్దను (విల్లుగా చెక్కే కర్రను) నిప్పుల మీద పావుగంట తిప్పితే ఎంత వంకరైనా పోతుందని ఒకటి, చల్లారగానే నారి ఎక్కించి లాగి చూసుకోవచ్చని ఇంకొకటి. మొదటి మాట నమ్మితే ఏడాదిపాటు ఆరబెట్టిన కర్ర ఒక్క పూటలో బొగ్గవుతుంది. రెండో మాట నమ్మితే లాగినవాడి మొహం ముందే విల్లు విరుగుతుంది. ఇలాంటివి చదివి పని మొదలుపెట్టేది ఎక్కువగా కొత్తవాళ్లు, కుర్రవాళ్లు. అందుకే ఈ ఉత్తరం పొడుగైనా పూర్తిగా వేయమని కోరుతున్నాం.

చలిమంట దగ్గర చేతులు కాచుకుంటాం, కాల్చుకోం. కర్రకూ అంతే. వేడి కర్ర లోపలి దాకా చేరాలి, పైపొర మాడకూడదు. కర్రలో వేడి పాకే వేగం ఇనుములో కంటే చాలా తక్కువ. మంటలో పెట్టిన బద్ద పైన మసిబారిపోయాక కూడా లోపల చల్లగానే ఉంటుంది. అలాంటి బద్దను వంచితే పైన మెత్తబడిన నార, అంటే కర్ర పొడవునా సాగే పోగులు, వంగుతుంది, లోపలిది ఎదురు తిరుగుతుంది. ఆ పెనుగులాటలో పోగు లేచిపోతుంది, లేదా వారం తిరక్కుండానే వంకర మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ముందు మాటలు కలుపుకుందాం. విల్లుకు విలుకాడి వైపు ఉండే ముఖం పొట్ట, అవతలి ముఖం వీపు. పిడికి పైనా కిందా ఉండేవి రెక్కలు. నారి లాగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది. వీపు మీద ఒకే వార్షిక వలయం (చెట్టు ఒక ఏడాదిలో పెరిగిన పొర) ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా ఉండాలి. పక్కల్లో కూడా నార ఎటు పోతే విల్లూ అటే పోవాలి. వంకరను రంపంతోనో చిత్రికతోనో తీసేయకూడదా అంటే, అలా తీసినప్పుడు కంటికి విల్లు తిన్నగా ఉంటుంది, నార మాత్రం అంచు దగ్గర తెగి బయటికి పోతుంది. తెగిన చోటే పోగు లేస్తుంది. వేడి పెట్టి వంచితే నార తెగకుండా తిన్నబడుతుంది. ఈ పనికి అవసరమంతా అక్కడే ఉంది.

అయితే ప్రతి వంకరా తీయాల్సింది కాదు. ఈ మాట చాలామంది వినరు, కర్ర కనబడగానే వేడి పెట్టేస్తారు. బద్దకు రెండు కొనల్లో వెడల్పు మధ్యన గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య నల్లదారం బిగించి వీపు మీదుగా చూడండి. దారం పిడి మధ్యగా పోతోందా? పోతే రెక్కల్లో పాములాంటి మెలికలు రెండు మూడున్నా విల్లు బాగానే పని చేస్తుంది. పిడి వెడల్పు 30 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, దారం మధ్యగీతకు 3, 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా ఫర్వాలేదు. అది పిడి అంచు దాటి గాల్లోకి పోతే మాత్రం వేడి పెట్టాల్సిందే. లేకపోతే నారి ఎక్కించగానే విల్లు చేతిలో పక్కకు తిరుగుతుంది, రెక్కలు మెలిపడతాయి. ముడుల చుట్టూ ఉండే చిన్న వంపులను అసలు ముట్టుకోవద్దు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండు యుద్ధనౌకలో వందకు పైగా యూ అనే చెట్టు కర్రతో చేసిన విల్లులు దొరికాయి. వాటిలోనూ ముడులున్న చోట చెక్కి చదును చేయకుండా చుట్టూ కర్రను కాస్త ఎత్తుగా వదిలినవి ఉన్నాయి.

తీయాల్సిన వంకర ఎక్కడుందో చూసుకోవడంలో ఒక లెక్క ఉపయోగపడుతుంది. కొనకు 80 సెంటీమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ వంచితే కొన 14 మిల్లీమీటర్లు కదులుతుంది. కాబట్టి కొన 14 మిల్లీమీటర్లు పక్కకు ఉంటే, ఆ కొన దగ్గరే కర్రను హింసించడం కంటే పిడికి దగ్గర్లో ఒక్క డిగ్రీ తిప్పడం మేలు. దానిక్కూడా 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవునా వేడి పెట్టి, ఆ పొడవంతా కొద్దికొద్దిగా వంగేలా చూడాలి. ఒకే బిందువు దగ్గర మడిచినట్టు వంచితే అక్కడే బలహీనం.

ఇక వేడి చేసే పనేమిటి? కర్రలో సెల్యులోజ్ పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థాలు లిగ్నిన్, హెమిసెల్యులోజ్. కర్రలో తేమ ఉంటే లిగ్నిన్ 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. బాగా ఆరిన కర్రలో దానికి చాలా ఎక్కువ వేడి కావాలి. ఆవిరి 100 డిగ్రీలతో చేసే పనిని పొడి వేడి 150 దరిదాపుల్లో చేయడానికి కారణం అదే. మెత్తబడ్డప్పుడు పోగులు ఒకదాని పక్కన ఒకటి జారి కొత్త చోట కుదురుకుంటాయి. చల్లారాక అక్కడే బిగుసుకుంటాయి.

అందుకే బద్దలో తేమ ఎంతుందో తెలియకుండా వేడి పెట్టకూడదు. తేమ కొలిచే మీటరు లేకపోయినా లెక్క కట్టవచ్చు. బద్ద చివర నుంచి చిన్న ముక్క కోసి తూచండి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇంకేమీ తగ్గనంతవరకూ ఆరబెట్టి మళ్లీ తూచండి. మొదట 56 గ్రాములు, చివర 50 గ్రాములు వస్తే, పోయిన 6 గ్రాములను 50తో భాగిస్తే 12 శాతం తేమ. గాలిలో తేమ 50 శాతం ఉండే చోట కర్ర దాదాపు 9 శాతం దగ్గర నిలబడుతుంది, 65 శాతం ఉంటే 12 దగ్గర, 80 శాతం ఉంటే 16 దగ్గర. పొడి వేడికి 8 నుంచి 10 శాతం ఉన్న బద్ద మంచిది. ఆవిరికి 12 నుంచి 20 దాకా ఉన్నా ఇబ్బంది లేదు, ఇంకా పచ్చిగా ఉంటే మరీ సులువుగా వంగుతుంది. పచ్చి బద్దకు పొడి వేడి పెట్టారంటే నెర్రెలు తప్పవు. పైపొరలో నీరు ఒక్కసారిగా పోయి అది కుదించుకుంటుంది, లోపలి పచ్చిభాగం కుదించుకోదు, పైపొర చీలుతుంది.

ఆవిరా, పొడి వేడా అన్నది కర్ర జాతిని బట్టి కూడా ఉంటుంది. యాష్, ఎల్మ్, హికరీ, ఓక్, బీచ్ అనే చెట్ల కర్రలు ఆవిరికి చక్కగా లొంగుతాయి. ఓసేజ్ ఆరెంజ్ అనే చెట్టు కర్ర రెండింటికీ లొంగుతుంది, పొడి వేడితో తీసిన వంకర దానిలో గట్టిగా నిలుస్తుంది. యూ కర్రను మెల్లగా, తక్కువ వేడితో కాచాలి, తొందరపడితే నెర్రె విచ్చుతుంది. బ్లాక్ లోకస్ట్ చెట్టు కర్ర కూడా వేడికి పగిలే రకమే. కిల్న్‌లో (కర్రను ఆరబెట్టే వేడిగదిలో) ఆరబెట్టి అమ్మే పలకలు ఆవిరికి అంతగా వంగవు. పెద్ద వంపులకు, పిడి దగ్గరి మందమైన భాగానికి ఆవిరి. ఆరిన బద్దలో కొద్దిపాటి వంకరకు పొడి వేడి. మా మాట అడిగితే, కొత్తవాళ్లు ఆవిరితో మొదలుపెట్టడం క్షేమం. ఆవిరి 100 డిగ్రీలు దాటదు, కర్ర మాడే ప్రమాదం లేదు.

వేడి పెట్టే ముందు బద్దను దాదాపు విల్లు ఆకారానికి తెచ్చుకోండి. రెక్క మందం 16 నుంచి 20 మిల్లీమీటర్లకు దిగాలి. వెడల్పు చివరికి కావాల్సినదానికంటే 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి. ఈ వెడల్పు విషయంలో రెండు వైపులా లాగే చిక్కుంది. రెక్క 36 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉంటే, వీపు పొట్ట దిశలో వంచడానికి పట్టే బలానికి 4 రెట్లు పక్కకు వంచడానికి పడుతుంది. అదే వంపుకు అంచుల్లో సాగుడు కూడా 2 రెట్లుంటుంది. సన్నబడితే సులువుగా వంగుతుంది, కానీ ముందే సన్నం చేసేస్తే వంకర తీశాక సరిదిద్దుకోవడానికి కర్ర మిగలదు. 5 మిల్లీమీటర్లు అన్నది అందుకే. అంచులు కరుగ్గా ఉంటే కొంచెం గుండ్రం చేయండి, పోగు లేవడం మొదలయ్యేది అంచు దగ్గరే. కొనల్లో కోసిన ముఖాలకు మైనమో రంగో పూయండి, లేకపోతే అక్కడి నుంచి నెర్రెలు పాకుతాయి.

బిగించడానికి విల్లు కంటే పొడవైన, వంగని దూలం ఒకటి కావాలి. 2 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం సరిపోతుంది. అయిదారు క్లాంపులు (మర తిప్పి బిగించే పట్లు), రకరకాల మందాల్లో చెక్క ముక్కలు, తోలు ముక్కలు సిద్ధంగా ఉండాలి. వేడి కర్ర మెత్తగా ఉంటుంది, క్లాంపు దవడ నేరుగా తగిలితే సొట్ట పడుతుంది. వీపు మీద పడ్డ సొట్ట అంటే తెగిన నార కిందే లెక్క. ఓక్ లాంటి కర్రలో ఇనుము తగిలిన తడి చోట నల్లమచ్చ కూడా పడుతుంది. వేడి పెట్టకుండానే ఒకసారి అన్నీ బిగించి విప్పి చూసుకోండి. ఏ క్లాంపు ముందు, ఏది తర్వాత అన్నది చేతికి అలవాటు కావాలి.

పొడి వేడికి మంట కంటే హీట్‌గన్ (వేడిగాలి ఊదే పరికరం) నయం. కాచాల్సిన భాగానికి వంటనూనె పలచగా రాయండి. నూనె మాడకుండా కాపాడుతుంది, వేడిని సమానంగా పరుస్తుంది, తేమ ఒక్కసారిగా పోకుండా ఆపుతుంది. పిడిని దూలానికి బిగించి, తిప్పాల్సిన రెక్కకు పక్క నుంచి ఒక క్లాంపు పెట్టి, చేతికి ఒత్తిడి తెలిసేంత మాత్రమే తిప్పి వదిలేయండి. హీట్‌గన్ మూతిని కర్రకు 8 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, 20 సెంటీమీటర్ల మేర మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. ఒకే చోట ఆపకూడదు. ఎక్కువసేపు పొట్ట వైపు నుంచి, పక్కల నుంచి కాయండి. వీపుకు నేరుగా తక్కువ వేడి తగలాలి, ఎందుకంటే అతిగా కాగిన వీపు పెళుసుబారి, సాగాల్సిన చోట తెగుతుంది.

మొదటి అయిదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నూనె మెరుపు తగ్గి కర్రలోకి ఇంకుతుంది, సన్నని రంధ్రాల దగ్గర చిన్న బుడగలు లేస్తాయి. 18 మిల్లీమీటర్ల మందానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. పొట్ట వైపు కాస్తుండగా వీపు మీద అరచెయ్యి పెట్టి చూడండి. రెండు సెకన్లకు మించి ఉంచలేకపోతే వేడి ఈ ముఖం నుంచి ఆ ముఖానికి దాటింది. అప్పుడు క్లాంపు మర తిప్పితే తేడా వేళ్లకే తెలుస్తుంది. అంతకుముందు బిగుసుకుని ఉన్న మర ఇప్పుడు వెన్నలో తిరిగినట్టు తిరుగుతుంది. పావు చుట్టు తిప్పండి, ఒక నిమిషం కాయండి, మళ్లీ పావు చుట్టు. మర మొరాయిస్తే తిప్పడం ఆపి కాయండి. చిటుక్కుమని వినిపిస్తే వెంటనే ఒక చుట్టు వెనక్కి విప్పి, ఆ చోటు చూడండి. రంగు లేత తేనెరంగుకు మారితే ఫర్వాలేదు, గోధుమరంగు దాటుతుంటే హీట్‌గన్ దూరం జరపండి. పొట్టను కావాలని గోధుమరంగు వచ్చేదాకా కాచి గట్టిపరచే పద్ధతి వేరే ఉంది. అది వంకర తీసేటప్పుడు కలిపి చేసేది కాదు.

ఎంత తిప్పాలంటే, కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువ. విప్పగానే కర్ర కొద్దిగా వెనక్కి వస్తుంది. కొన 20 మిల్లీమీటర్లు జరగాలంటే 23, 24 దాకా తీసుకుపోండి. ఆవిరితో చేసేటప్పుడు 25 దాకా పోవచ్చు. ఆ మీద అలాగే బిగించి వదిలేయాలి. నీళ్లు చల్లి చల్లార్చే ప్రయత్నం వద్దు. చేతికి పూర్తిగా చల్లగా తగిలేదాకా, వీలైతే మర్నాటి దాకా కదపకండి.

ఆవిరి విషయానికి వస్తే, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో లోపల 12 సెంటీమీటర్ల చదరం ఉండే పొడవాటి పెట్టె చేసుకోవచ్చు. బద్ద పెట్టె అడుగుకు ఆనకూడదు. అడ్డంగా నాలుగైదు చెక్కపుల్లలు దూర్చి వాటి మీద పడుకోబెడితే ఆవిరి నాలుగు వైపులా తగులుతుంది. పెట్టెను ఒక పక్కకు 3, 4 సెంటీమీటర్లు వాలుగా పెట్టి, పల్లంలో నీరు కారే రంధ్రం ఉంచండి. తలుపు గుడ్డతో మూస్తే చాలు, బిగించి మూయకూడదు. ఆవిరి బయటికి పోయే దారి లేని పెట్టె పేలుతుంది. ఇది చిన్న మాట కాదు. మామూలు పీవీసీ గొట్టాన్ని ఆవిరి పెట్టెగా వాడేవాళ్లున్నారు, అది ఆ వేడికి మెత్తబడి వంగిపోతుంది, వాడొద్దు. 2 కిలోవాట్ల హీటరు గంటకు 3 లీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది, కాబట్టి పాత్రలో కనీసం 5 లీటర్లు ఉండాలి. మధ్యలో నీళ్లు పోయాల్సి వస్తే మరుగుతున్నవే పోయండి.

అంగుళం మందానికి గంట ఆవిరి అన్నది పాత లెక్క, ఇప్పటికీ సరిగ్గా పని చేస్తుంది. 18 మిల్లీమీటర్ల రెక్కకు 45 నిమిషాలు, 40 మిల్లీమీటర్ల పిడికి గంటన్నర పైన. సమయం లెక్క మొదలయ్యేది స్టవ్ వెలిగించినప్పుడు కాదు, పెట్టెలో థర్మామీటరు 98 చేరినప్పుడు. ఎక్కువసేపు ఉంచితే ఇంకా మంచిదనుకోవద్దు. అతిగా ఉడికిన కర్రలో హెమిసెల్యులోజ్ చెడి, వంచిన చోట లోపలి అంచు ముడతలు పడుతుంది. 30 సెంటీమీటర్ల భాగానికే పనుంటే పెట్టె అక్కర్లేదు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు మరగనిచ్చి, ఆ భాగాన్ని నీటికి రెండు అంగుళాల పైన ఆనించి, మీద నుంచి అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పితే సరిపోతుంది.

బయటికి తీశాక నిమిషం లోపు బిగించేయాలి. పొడి వేడిలో లాగా నిదానంగా తిప్పుతూ కూర్చునే వీలు లేదు, పైపొర అప్పటికే చల్లారడం మొదలవుతుంది. పెద్ద వంపైతే వంపుకు బయటి వైపు సన్నని స్టీలు పట్టీ కట్టి, దాని రెండు చివర్లనూ బద్ద కొనలకు ఆనేలా బిగించండి. ఆవిరి పట్టిన మంచి కర్ర నొక్కితే పొడవులో నాలుగో వంతు దాకా కుదించుకోగలదు, లాగితే ఒకటి రెండు శాతం మించి సాగదు. పట్టీ ఉంటే బయటి వైపు సాగే అవసరం పోయి, లోపలి వైపు కుదించుకోవడంతోనే పని జరుగుతుంది. కుర్చీల తయారీదారు మైఖేల్ థోనెట్ బీచ్ కర్రను వంచి కుర్చీలు చేసింది ఈ కిటుకుతోనే, 1859 నాటి ఆయన 14వ నంబరు కుర్చీ దానికి గుర్తు. విల్లులో మామూలు పక్కవంకరకు పట్టీ అవసరం రాదు, కొనలను వెనక్కి మడిచేవాళ్లకు కావాలి. తోలు చేతితొడుగులు పొడిగా ఉండాలి. తడిసిన తొడుగు ఆవిరి వేడిని చేతికి ఇంకా త్వరగా చేరవేస్తుంది. తలుపు తీసేటప్పుడు మొహం ఎదురుగా పెట్టకుండా పక్కన నిలబడండి.

మెలి తీయడం కొంచెం వేరు. పిడిని వైస్‌లో (బల్లకు అమర్చిన బిగింపు పట్టులో) బిగించి, మెలి ముగిసే చోట రెక్కకు అడ్డంగా 40, 50 సెంటీమీటర్ల కర్రను క్లాంపుతో కట్టి దాన్నే తిప్పే కాడలా వాడుకోవాలి. మెలి ఉన్న పొడవంతా కాగాక ఆ కర్రను మెల్లగా తిప్పి, దాని కొనకు తాడుతో బరువు వేలాడదీసి వదిలేస్తే కర్ర తన తీరులో తిరుగుతుంది. చేత్తో పట్టుకుని తిప్పితే ఎంత తిరిగిందో తెలియదు. రెండు కొనల్లో రెండు తిన్నటి పుల్లలు అడ్డంగా కట్టి, ఒక చివర నుంచి చూస్తూ అవి ఒకదాని వెనక ఒకటి సమాంతరంగా వచ్చాయో లేదో పోల్చుకోండి. పక్కవంకర, మెలి రెండూ ఉంటే ముందు మెలి తీయండి. మెలి పోయాక పక్కవంకర సగం దానంతటదే తగ్గడం తరచూ ఉంటుంది. ఒకే చోట రెండు మూడుసార్లకు మించి వేడి పెట్టకూడదు, ప్రతిసారీ కర్ర కొంత బలం కోల్పోతుంది.

జిగురుతో అతికించిన విల్లుకు, వీపు మీద జంతువుల స్నాయువు అతికించిన విల్లుకు ఈ పనులేవీ చేయకూడదు. చెక్కపనికి వాడే తెల్లజిగురు 60, 70 డిగ్రీలకే మెత్తబడి వదిలేస్తుంది. బద్దలను అతికించక ముందే ఒక్కొక్కటి తిన్నగా చేసుకోవాలి. వార్నిష్ పూసిన విల్లైతే ముందు వార్నిష్ గీకేయాలి. వెదురుకు మాత్రం మంట సరిపడుతుంది, కాని గొట్టంలా ఉన్న వెదురును కాచేటప్పుడు కణుపుల మధ్య బంధించిన గాలి వేడెక్కి గొట్టం పేలుతుంది. కణుపుల అడ్డుగోడలు పొడిచి తెరిచాకే కాయాలి, లేదా చీల్చిన బద్దనే కాయాలి. పైన మైనం చెమటలా పట్టినప్పుడు తుడిచి వంచి, తడిగుడ్డతో చల్లార్చవచ్చు. చెట్టు కర్రకు చేయకూడని ఆ పని వెదురుకు చెల్లుతుంది.

ఇప్పుడు మీ వ్యాసంలోని రెండో వాక్యం దగ్గరికి వస్తాం, మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదే. పొడి వేడి పెట్టిన భాగంలో తేమ పైపొరల్లో 3, 4 శాతానికి పడిపోతుంది. 6 శాతం కంటే తక్కువకు ఎండిన కర్ర సాగదు, పెళుసుగా తెగుతుంది. అది గాలి నుంచి తేమ తిరిగి తాగడానికి రోజులు పడుతుంది, గంటలు కాదు. ఆవిరి పట్టిన కర్రది తిరగేసిన చిక్కు. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు లాగితే విరగదు, కాని పొట్ట నలిగిపోయి, నారి విప్పినా విల్లు వంగే ఉండిపోతుంది. ఆ పోయిన బలం ఎంత ఆరబెట్టినా తిరిగి రాదు. వేడి చేసే పని అరగంటది, గంటది. దాని తర్వాత ఆగే పని వారానిది. ఆ వారాన్ని వ్యాసం పూర్తిగా ఎగరగొట్టేసింది.

ఎన్నాళ్లు ఆగాలో తక్కెడే చెబుతుంది. వేడి పెట్టే ముందు బద్దను గ్రాము దాకా తూచి, ఆ అంకెను పిడి మీద పెన్సిల్‌తో రాయండి. ఉదాహరణకు 900 గ్రాములు ఉన్నది పొడి వేడి తర్వాత 880 అయిందనుకోండి. నీడలో, గాలి ఆడే చోట వేలాడదీసి రోజూ ఒకే వేళకు తూచండి. 895 దాటి, వరసగా మూడు రోజులు అంకె కదలకుండా ఉంటే అప్పుడు నారి గురించి ఆలోచించవచ్చు. దీనికి మామూలుగా మూడు నాలుగు రోజుల నుంచి వారం దాకా పడుతుంది. ఆవిరి పెట్టినదైతే బిగించిన దూలం మీదే మూడు నాలుగు రోజులు ఉంచి, విప్పాక ఇంకో వారం నుంచి రెండు వారాలు ఆరనిచ్చి, బరువు మొదటి అంకె దగ్గరికి దిగి ఆగేదాకా చూడాలి. ఎండలో పెట్టి తొందరపెట్టవద్దు.

వ్యాసం చదివి ఇప్పటికే నిప్పుల మీద కాల్చిన వాళ్లుంటారు. ఆ విల్లును లాగవద్దు. వారం రోజులు నీడలో వేలాడదీయండి. తర్వాత నల్లబడిన భాగాన్ని ఆకురాయితో కొంచెం గీకి చూడండి. పొట్ట వైపు అర మిల్లీమీటరు లోపల మామూలు రంగు కర్ర కనిపిస్తే నలుపంతా గీకేసి పని సాగించవచ్చు. వీపు వైపు మాడి ఉంటే ఆ బద్దను విల్లుగా వాడకండి. వీపు బాగానే ఉందనిపించినా ఒక పరీక్ష మిగిలే ఉంది. దూది ఉండను వీపు మీద పిడి నుంచి కొన దాకా, కొన నుంచి పిడి దాకా, అంచుల వెంబడి మెల్లగా తేల్చి లాగండి. కంటికి కనబడని పోగు లేచి ఉంటే దూది అక్కడ పట్టుకుంటుంది. పట్టుకున్న చోటు అంచు మీద ఉండి, లేచిన పోగు అయిదారు మిల్లీమీటర్ల పొడవు దాటకపోతే పలుచని సూపర్‌గ్లూ ఎక్కించి, ఆరాక గట్టి దారంతో ఒత్తుగా చుట్టి, సగం లాగుడు దాకానే, మొహానికి దూరంగా పెట్టి, పదిసార్లు లాగి మళ్లీ దూది తేల్చండి. వీపు మధ్యలో పట్టుకుంటే ఆ విల్లుకు నారి ఎక్కించవద్దు.

ఇట్లు,
చేతి విల్లులు చేసే కొందరం